రేపల్లె శాఖలో రెండు వందల పన్నెండు మంది

గురువారం పొద్దున బాలస్వామి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసు తీయడం, తొమ్మిదింపావుకి తన భార్య విజయమ్మ నడిపే చర్చి పాటల బృందాన్ని లోపలికి రానివ్వడం, గంటసేపు పాడించి వెనుక గుమ్మం గుండా పంపేయడం, పదకొండింటికి తెనాలి నుంచి వచ్చే తనిఖీ అధికారికి ఎదురెళ్ళి నమస్కారం పెట్టడం. ఇందులో చెడడానికేమీ లేదని ఇడ్లీ తింటూ రెండుసార్లు మనసులో సరిచూసుకున్నాడు. మూడోసారి కూడా చూసుకుని ఉంటే బాగుండేది. కానీ అప్పటికి చట్నీ అయిపోయింది.

బాలస్వామి ‘ఒడ్డుతోడు పడవల బీమా సంస్థ’ రేపల్లె శాఖకు మేనేజరు. నిజాంపట్నం వైపు బోటుకి దెబ్బ తగిలినా, ఇంజను చెడినా, వల సముద్రం పాలైనా జనం కాగితాలు పట్టుకుని వచ్చేది ఆయన దగ్గరికే. ఆర్నెల్ల క్రితం వరకూ అది పాత బీరువాలూ కిర్రుమనే ఫ్యాన్లూ ఉన్న మామూలు ఆఫీసు. తర్వాత తెనాలిలోని పెద్దాఫీసు వారికి దాన్ని స్మార్టు భవనంగా మార్చాలని బుద్ధి పుట్టింది. మొహం కనిపించే పలకలు నేలకి పరిచారు. గోడల్లో గుండీలంత కళ్ళు బిగించారు. మనిషి కదిలితే లైట్లు వెలుగుతాయి, కదలకపోతే ఆరిపోతాయి. ఏసీ తనంతట తనే పెరుగుతుంది, తగ్గుతుంది. తలుపు తనంతట తనే తెరుచుకుంటుంది. ఇవన్నీ చాలవన్నట్టు, మధ్యమధ్య గోడలోంచి ఒక ఆడగొంతు పాఠ్యపుస్తకం తెలుగులో మాట్లాడుతుంది. నిజాంపట్నం జనం ఆ గొంతుకి ‘గోడలో అమ్మాయి’ అని పేరు పెట్టారు.

సౌకర్యానికి ఏ లోటూ లేదు. చిక్కల్లా, దాన్ని అనుభవించడానికి లోపలికి ఎవరూ రాకపోవడమే. తడికాళ్ళతో, చేపల బుట్టలతో వచ్చేవాళ్ళు ఆ తళతళలాడే నేలను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయి, "బాలస్వామి గారండోయ్!" అని కేకేస్తారు. ఆయన కాగితాలు తీసుకుని వరండాలోకి వస్తాడు. ఆయన వెనకాలే గుమాస్తా క్రిస్టినా, ఆ పిల్ల వెనకాల మిగతా ముగ్గురూ. పనంతా వరండాలోని పాత చెక్కబెంచీ మీదే నడుస్తుంది, అందరికీ చెమటలు కారుతుంటాయి. లోపల ఇరవై నాలుగు డిగ్రీల చల్లదనంలో నలభై కుర్చీలు హాయిగా ఉంటాయి.

ఆ నలభై కుర్చీల సంగతీ గోడలో అమ్మాయి ఏ రోజుకారోజు పెద్దాఫీసుకి మోసేస్తోందని వీళ్ళెవరికీ తెలియదు. పోయిన వారం తనిఖీ అధికారి చెంచురామయ్య గారి సంతకంతో కాగితం వచ్చాకే తెలిసింది. ఈ భవనాల వ్యవహారమంతా ఆయన పట్టుబట్టి పెట్టించిందే. రేపల్లె హాలు వినియోగం పదకొండు శాతమనీ, నలభై శాతం లేని శాఖను బాపట్ల శాఖలో కలిపేస్తామనీ, గురువారం తానే స్వయంగా వచ్చి తేలుస్తాననీ అందులో రాశారు. చివరి వాక్యం కింద గీత కూడా గీశారు: ‘మనుషులు పొరబడవచ్చు, భవనం పొరబడదు.’

ఆ కాగితం చదివాక బాలస్వామికి అన్నం సహించలేదు. ఆయనకి తన గురించి బెంగ లేదు. బాపట్ల కాకపోతే బందరు పొమ్మన్నా పోతాడు. కానీ ఇరవై ఆరేళ్ళుగా ఆ ఆఫీసులో కూర్చుని ఎవరి బోటు ఎప్పుడు మునిగిందో, ఎవరి వేలిముద్ర సరిగ్గా పడదో ఎరిగిన మనిషి. ఆ శాఖ మూతపడుతుందంటే ఆయనకి సొంత ఇంటికి ఎవరో తాళం వేస్తున్నట్టే అనిపించింది. పైగా ఎండుచేపలమ్మే పోలమ్మ ఆ కబురు విని ఒకటే మాట అంది.

"బాపట్లకా? బుట్ట దించి బస్సెక్కితే మళ్ళీ ఏ పొద్దుకి కొంప చేరేది బాబాయా? ఆ రోజుకి గంజినీళ్ళు ఆ ఆఫీసోళ్ళు పోస్తారా?"

బుధవారం సాయంత్రం బాలస్వామి క్రిస్టినాని పిలిచి, గోడలోని కళ్ళవైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అసలు ఈ పిల్ల మనల్ని ఎట్టా లెక్కపెడుతుందమ్మా? తలకాయలు చూసా?"

"కాదు సార్. ఆ కళ్ళు లైట్ల కోసం. మనుషుల లెక్క అదిగో, ఆ తెల్ల డబ్బాది. మనం వదిలే ఊపిరిని బట్టి చెబుతుంది. గాలిలో ఊపిరి ఎక్కువైతే మనుషులు ఎక్కువున్నట్టు."

"అయితే ఊపిరుంటే చాలన్నమాట. మనిషి పని చేస్తున్నాడా లేదా దానికక్కర్లేదు?"

"అది ఏ ఆఫీసులో మాత్రం కావాలి సార్?" అంది క్రిస్టినా.

ఆ మాట బుర్రలో తిరుగుతుండగానే ఇంటికి వెళ్ళాడు. ఇంట్లో విజయమ్మ చిరాకుగా ఉంది. చర్చికి రంగులు వేస్తున్నారు, ఆ వాసనకి గొంతులు పట్టేస్తున్నాయి, కోత పండుగ పది రోజుల్లోకి వచ్చింది, ప్రాక్టీసుకి చోటు లేదు. బాలస్వామి కంచంలో చెయ్యి అలాగే ఉంచి తలెత్తాడు.

"మీరు ఎంతమంది విజయా?"

"ఇరవై ఇద్దరం. ఏం?"

"బాగా గట్టిగా పాడతారా?"

విజయమ్మ మొహం ఎర్రబడింది. "ముప్ఫై ఏళ్ళ నుంచి ముందు వరసలో కూర్చుని వింటూ, ఇప్పుడు అడుగుతున్నారా ఆ మాట?"

అలా పుట్టింది పథకం. పదహారుమంది ఊపిరుంటే నలభై శాతం. ఇరవై ఇద్దరు పాడి వెళ్ళిపోతే ఆ గాలి ఇంకో గంట హాలులోనే ఉంటుంది. చెంచురామయ్య గారు వచ్చేసరికి గోడ మీద మనుషుల లెక్క చూపే తెర, హాలు నిండుగా ఉందని చెబుతుంది. మిగతా ముగ్గురు ఉద్యోగులూ దెబ్బతిన్న బోట్లు చూడడానికి నిజాంపట్నం రేవుకి వెళ్ళారు కాబట్టి, ఈ రహస్యం తెలిసింది బాలస్వామికీ క్రిస్టినాకీ మాత్రమే. విజయమ్మకి ఆయన అసలు సంగతి చెప్పలేదు. చెబితే ఆవిడ ముందు ఆయన కోసం ప్రార్థన పెడుతుంది, తర్వాత హాలు వద్దంటుంది.

తొమ్మిదింపావుకి హార్మోనియంతో, తబలాలతో ఇరవై ఇద్దరూ దిగారు. చల్లటి గాలి తగలగానే "అబ్బ, పరలోకంలా ఉందండి!" అన్నారు. ఆ మాట విని బాలస్వామికి ఆ ఏసీ మీద మొదటిసారి ప్రేమ పుట్టింది. ఏ పనైనా ప్రార్థనతో మొదలుపెట్టడం విజయమ్మ అలవాటు. అందరూ నిలబడి, తలలు వంచి, కళ్ళు మూసుకున్నారు. విజయమ్మ ప్రార్థనకి ఆ ఊళ్ళో పేరుంది. సంఘంలో ఒక్కొక్క కుటుంబాన్నీ పేరుపేరునా తలుచుకుంటుంది, ఎవరి మోకాలి నొప్పినీ వదిలిపెట్టదు.

నాలుగో నిమిషంలో ఆవిడ ప్రార్థన పెద్దవీధి మలుపులోని ఇళ్ళ దాకా వచ్చేసరికి, హాలులో చీమ చిటుక్కుమన్న అలికిడి కూడా లేదు. గోడలో కళ్ళకి ఒక్క కదలికా కనిపించలేదు. లైట్లు టప్పున ఆరిపోయాయి. ఏసీ ఆగిపోయింది.

"ఈ హాలునందు ప్రస్తుతం ఎవరూ లేరు. విద్యుత్తు పొదుపు చేయబడుచున్నది," అంది గోడలో అమ్మాయి.

ఆమెన్ అనకుండా ఎవరు కదులుతారు? ఇరవై ఇద్దరూ చీకట్లో బిగుసుకుని నిలబడ్డారు. బాలస్వామి ఒక్కడే ఓరకంట చూసి, దోమను తోలినట్టు చెయ్యి ఆడించాడు. లైట్లు వెలిగాయి. ఒక్క నిమిషానికి మళ్ళీ ఆరిపోయాయి. మళ్ళీ ఆడించాడు. మూడోసారి రెండు చేతులూ ఆడించాల్సి వచ్చింది. విజయమ్మ కళ్ళు తెరవలేదు కానీ, ప్రార్థనలో ఒక వాక్యం పెరిగింది.

"నీ సన్నిధిలో చేతులాడించే వారికి కూడా నెమ్మది దయచేయుము తండ్రీ."

"ఆమెన్," అన్నారు అందరూ, ఎన్నడూ లేనంత గట్టిగా.

తర్వాత పాట మొదలైంది. నాలుగు గొంతుల పాట, ఎనిమిది చరణాలు. తెర మీద అంకె ఇరవై దాటింది. బాలస్వామి మొహం విప్పారింది. నలభై దాటింది. ఆయన క్రిస్టినా వైపు చూసి కన్ను కొట్టబోయి, మేనేజరునని గుర్తొచ్చి దగ్గాడు. మూడో చరణంలో మగగొంతులు అందుకున్నాయి. అంకె తొంభై ఆరు. నాలుగో చరణానికి నూట నలభై.

"ఏంటమ్మా ఇది? ఇరవై ఇద్దరే కదా ఉంది!"

"ఇది బల్లల దగ్గర కూర్చుని మెల్లగా గాలి పీల్చేవాళ్ళ లెక్క సార్! వీళ్ళు కడుపునిండా పీల్చి వదులుతున్నారు. ఒక్కొక్కళ్ళు పదిమంది పెట్టు!"

బాలస్వామి భార్య ఎదురుగా నిలబడి, ‘తగ్గించు తగ్గించు’ అన్నట్టు రెండు చేతులూ కిందికి మీదికి ఆడించాడు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి భర్త తన పాటకి తాళం వేస్తున్నాడని విజయమ్మ గుండె నిండిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పల్లవి ఇంకో మూడుసార్లు పాడించింది.

"హాలు నిండినది," అంది గోడలో అమ్మాయి. "ముఖద్వారము మూసివేయబడినది. వేచియున్నవారు వరుస పాటించవలెను."

పదకొండింటికి రావలసిన చెంచురామయ్య గారు, ముందు రైలు దొరికిందని ఒక గంట ముందే రేపల్లెలో దిగారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో చర్మపు సంచి. ఖాళీ ఆఫీసును ఖాళీగా ఉండగానే పట్టుకోవాలని ఆయన ఉబలాటం. గుమ్మం ముందు నిలబడ్డారు. తలుపు తెరుచుకోలేదు. పక్కనున్న పెట్టెలోంచి ఒక చీటీ మాత్రం బయటికి వచ్చింది.

"క్షమించండి. మీ వరుస సంఖ్య ఏడు."

"నేను చెంచురామయ్యని!"

"మీ వరుస సంఖ్య ఏడు."

"నిన్ను పెట్టించిందే నేను!"

"మీ సహనమునకు ధన్యవాదములు."

అప్పటికే వరండాలో ఆరుగురు ఉన్నారు. ఆరో చీటీ పోలమ్మది. ఎండుచేపల బుట్ట కిటికీ కింద దించుకుని, ఈయన్ని కిందా మీదా చూసింది.

"ఏంటయ్యా, గోడతో గొడవేంటి? నేను ఆరు. నేనెళ్ళాకే నువ్వు. మంచి పద్ధతి పెట్టారు, ఈ రోజుల్లో చొక్కా చూసి ముందుకి పంపనిది ఈ అమ్మాయొక్కతే."

లోపల బాలస్వామి కిటికీ అద్దంలోంచి ఆ ఇస్త్రీ చొక్కాను చూశాడు. బృందాన్ని పంపేద్దామని వెనుక గుమ్మానికి పరుగెత్తాడు. రద్దీ సమయంలో ఆ గుమ్మం తెరవాలంటే పైఅధికారి ఫోనులో అనుమతి నొక్కాలట. ఆ పైఅధికారి ఎవరని అడిగితే, గోడలో అమ్మాయి చెంచురామయ్య గారి పేరు స్పష్టంగా చెప్పింది.

ఐదో చరణానికి భవనానికి ఊపిరాడలేదు. వరండా వైపు కిటికీలన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. కిటికీ తెరుచుకుంటే లోపలికి రావలసింది మంచి గాలి. కానీ కిటికీ కింద ఉన్నది పోలమ్మ బుట్ట. ఆ వాసన తెల్ల డబ్బాకి తగిలింది.

"గాలియందు గుర్తుతెలియని పదార్థము కలదు. పూర్తి వేగముతో శుభ్రపరచబడును."

"గుర్తు తెలీదా? ఎండు సావిళ్ళు, ఎండు నెత్తళ్ళు!" అని పోలమ్మ కేకేసింది. "ఎవత్తివే నువ్వు, ఈ పక్క పుట్టలేదా?"

ఆ మాట పూర్తి కాకముందే లోపలి గాలిని బయటికి తోసే పెద్ద ఫ్యాన్లు ఒక్కసారిగా తిరిగాయి. తుపాను హాలు లోపలే పుట్టినట్టయింది. పైగొంతు పాడే ఆడవాళ్ళ పైటలు ఎగిరాయి, తబలా మీది గుడ్డ ఎగిరింది, బల్లల మీదున్న బీమా కాగితాలన్నీ బారులు తీరి కిటికీల్లోంచి బయటికి వెళ్ళిపోయాయి. పాట మాత్రం ఆగలేదు. విజయమ్మ ఎలాంటి పాటల బృందాన్ని తయారుచేసిందో ఆ రోజు తెలిసింది.

"కాగితాలండీ! బీమా కాగితాలు! పట్టుకోండి!" అని బాలస్వామి కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ అరిచాడు.

"అయ్యో, నా బోటు కాగితం! నా వేలిముద్ర!" అని పోలమ్మ గాలిలోకి చేతులు చాచింది.

వరసలో మూడోవాడు నాగులు. నిజాంపట్నంలో చిన్న నావ ఉంది. అప్పుడే రేపల్లె బజారులో కొన్న కొత్త విసురువల సంచిలో ఉంది. నాగులు వల తీశాడు, సగం భుజాన వేసుకున్నాడు, ఒక అంచు పళ్ళతో పట్టుకున్నాడు, నడుం తిప్పి విసిరాడు. వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని ఆకాశంలోని కాగితాలన్నిటినీ కప్పేసి, చక్కగా కిందికి వాలింది. ఒక్క కాగితం తప్పిపోలేదు. చెంచురామయ్య గారు కూడా తప్పిపోలేదు.

"కదలమాకండి సారూ," అన్నాడు నాగులు, సీసపు గుండ్లు సరిచేస్తూ. "కదిలితే కాగితం చిరుగుద్ది."

సరిగ్గా అప్పుడే చెంచురామయ్య గారి జేబులో ఫోను మోగింది. చేతులు వలలో చిక్కుకున్నాయి. నాగులే వల కన్నంలోంచి ఫోను లాగి, స్పీకరు నొక్కి, ఆయన మూతి దగ్గర పెట్టాడు. తెనాలి పెద్దాఫీసులో అందరికంటే పెద్ద సారు.

"ఏంటండి చెంచురామయ్య గారూ! మీ భవనం ఇప్పుడే కబురు పంపింది. రేపల్లెలో రెండు వందల పన్నెండు మంది ఉన్నారట! పోయిన వారం ఎవరూ ఉండరని మీరే రాశారు కదా? ఇప్పుడు భవనం తప్పా, మీరు తప్పా?"

బాలస్వామి ఇక ఆగలేకపోయాడు. ఆయన జీవితంలో అబద్ధం ఆడింది తక్కువ. కిటికీలోంచి చేతులు జోడించాడు.

"సార్, తప్పు నాదండి. వాళ్ళు జనం కాదండి, మా చర్చి క్వయిరండి. శాఖ పోతుందని..."

"మీరు నోరు మూసుకోండి!" అన్నారు చెంచురామయ్య గారు.

వలలో నిలబడ్డ ఆయన మొహంలో లెక్కలు కదిలాయి. హాలులో ఉన్నది ఇరవై ఇద్దరే అంటే భవనం పొరబడినట్టు. భవనం పొరబడితే, గీత గీసి మరీ రాసిన ఆయన వాక్యం పొరబడినట్టు. తొమ్మిది శాఖల్లో బిగించిన తెల్ల డబ్బాలన్నీ పొరబడినట్టు. ఆయన ఒక్కసారి గట్టిగా గాలి పీల్చుకున్నారు.

"భవనం పొరబడదండి," అన్నారు ఫోనులోకి.

"అయితే రెండొందల పన్నెండు నిజమేనా?"

"నాకే లోపల చోటు దొరకలేదండి. నాది ఏడో నంబరు."

"మరి ఆ వెనకాల పాటేంటి?"

చెంచురామయ్య గారు కిటికీ వైపు తిరిగి లోపలికి చూశారు. "కదలమాకండి!" అని నాగులు మళ్ళీ అరిచాడు. ఎనిమిదో చరణం. విజయమ్మ చేతులు గాలిలో తేలుతున్నాయి.

"పని చేసుకుంటూ పాడుకుంటున్నారండి."

"అంత హాయిగా ఉందా ఆ ఆఫీసు!" పెద్ద సారు గొంతులో ఆశ్చర్యం. "ఇక మూసేదేంటండి? రద్దీ తట్టుకోవడానికి బాపట్ల నుంచి ఇద్దరు గుమాస్తాలని అక్కడికి పంపించండి. అవునూ, ఇందాక ‘కదలమాకండి’ అన్నదెవరు?"

"ఇక్కడ పనిలో క్రమశిక్షణ చాలా ఎక్కువండి," అని చెంచురామయ్య గారు ఫోను పెట్టేయమన్నారు.

పాట ఆగింది, ఊపిరి సర్దుకుంది, తలుపు దానంతటదే తెరుచుకుంది. విజయమ్మ నుదుటి చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి, "ఆయనెవరండీ వలలో? పాట వినడానికొచ్చారా పాపం?" అంది. పోలమ్మ ఆయన చొక్కా గుండీకి చిక్కిన దారం పళ్ళతో కొరికి విడిపించి, బెంచీ మీద చోటిచ్చింది. క్రిస్టినా వలలోంచి కాగితాలు ఏరి, కిటికీ గట్టు మీదే పరుచుకుని నంబర్లు పిలవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఎవరి సంతకం వాళ్ళు పెట్టారు, ఎవరి అనుమానం వాళ్ళు తీర్చుకున్నారు. అరగంటలో ఆరుగురి పనీ అయిపోయింది. పోలమ్మ తన కాగితాన్ని మడిచి రొంటిన దోపుకుని, "బాపట్ల బస్సు బాధ తప్పింది బాబాయా," అంది తృప్తిగా. "ఏడు!" అని పిలవగానే చెంచురామయ్య గారు చటుక్కున లేచి నిలబడ్డారు.

"రోజూ పని ఇక్కడేనా బాలస్వామి గారూ?"

"ఇక్కడేనండి."

"మరి గోడలో ఉన్నావిడకి ఈ సంగతి తెలియలేదేంటి?"

"ఆవిణ్ణి లోపలే పెట్టారు కదండి," అన్నాడు బాలస్వామి.

చెంచురామయ్య గారు చొక్కాకి అంటిన చేప పొలుసును గోటితో గీకుతూ మళ్ళీ బెంచీ మీద కూర్చున్నారు. పది రోజుల తర్వాత తెనాలి నుంచి మనుషులొచ్చి, గుండీ కళ్ళు సగం వరండాకి మార్చారు. ఇప్పుడు నిజాంపట్నం బస్సు దిగినవాళ్ళు మెట్టెక్కగానే ఫ్యాను తిరుగుతుంది, మబ్బు పడితే లైటు వెలుగుతుంది, చీటీ చేతికొస్తుంది, తడికాళ్ళని ఎవరూ ఏమీ అనరు. గోడలో అమ్మాయి గొంతు కూడా వరండాలోకి వచ్చింది. ఆమెకి సావిళ్ళ వాసన అలవాటు చేసే పూచీ పోలమ్మ తీసుకుంది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి బాలస్వామి చొక్కా సాయంత్రం దాకా పొడిగా ఉంటోంది, అందుకాయన మనస్ఫూర్తిగా ఆ యంత్రానికి రుణపడి ఉన్నాడు.

లోపలి హాలు మాత్రం అలాగే ఉంది. రికార్డుల ప్రకారం ప్రతి గురువారం అక్కడ రెండు వందల పన్నెండు మంది పని చేస్తున్నారు, పల్లవి మూడుసార్లు అందుకుంటూ.